పళ్లెం పక్కన పిడికెడు కానుక: క్రిస్మస్ భోజనానికి ఇంటిల్లిపాదికీ చిన్న బహుమతులు సిద్ధం చేసుకోవడం ఎలా?

మా ఇంట్లో క్రిస్మస్ మధ్యాహ్న భోజనం చాలా ఏళ్లు రెండు బంతుల్లో జరిగేది. గుడిలో ఆరాధన ముగించుకుని, అందరికీ శుభాకాంక్షలు చెప్పి ఇల్లు చేరేసరికి ఒంటిగంట. ముందు మగవాళ్లు, పిల్లలు, చుట్టాలు కూర్చునేవారు. అమ్మ, పిన్ని, నాయనమ్మ వడ్డించేవారు. వాళ్లు కూర్చునేసరికి మూడు దాటేది. అప్పటికి బిర్యానీ గిన్నెలో అడుగంటిన మెతుకులు, కోడికూరలో మెడ ముక్కలు మిగిలేవి.

ఇంగ్లండులో నర్సుగా పనిచేసే మా మేనత్త ఒక ఏడాది సెలవు మీద వచ్చి, తనే చుట్టిన రంగు కాగితం గొట్టం ఒకటి ప్రతి పళ్లెం పక్కనా పెట్టింది. "ఇది ఒక్కరు లాగితే తెగదు. రెండో కొస పక్కవాళ్లు పట్టుకోవాలి. అందరూ కూర్చుంటేనే మొదలు" అంది. పద్నాలుగు పళ్లేలు, పద్నాలుగు గొట్టాలు. అమ్మ గరిటె పక్కన పెట్టి వచ్చి కూర్చుంది. నాకు ఊహ తెలిశాక అమ్మ క్రిస్మస్ బిర్యానీ వేడిగా తినడం చూసింది అదే మొదటిసారి.

అప్పటినుంచి ఏటా చేస్తున్నాం. బల్ల మీద పెట్టే చిన్న కానుకకు ఉన్న అసలు పని అందరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టడం అని నా నమ్మకం. కింద చెప్పే ప్రతి పనీ ఆ ఒక్కదాని కోసమే. మీ ఇంట్లో మొదలుపెట్టాలనుకుంటే ఇలా చేయండి.

ముందుగా: ఏ ఆచారం మీ ఇంటికి నప్పుతుంది?

మేనత్త తెచ్చింది ఇంగ్లండు ఆచారం. అక్కడ దాన్ని క్రిస్మస్ క్రాకర్ అంటారు. టామ్ స్మిత్ అనే లండన్ మిఠాయి వ్యాపారి పారిస్‌లో చక్కెర పూసిన బాదం పప్పుల్ని కాగితంలో పెట్టి, రెండు కొసలూ మెలితిప్పి అమ్మడం చూశాడు. 1847లో అదే పద్ధతి లండన్‌లో మొదలుపెట్టాడు. అమ్మకం మందగించినప్పుడు కాగితంలో ప్రేమ కవితలు చేర్చాడు, తర్వాత 1860 ప్రాంతంలో లాగితే 'ఠప్'మనే పట్టీ పెట్టాడు. కాగితం కిరీటాలు అతని కొడుకుల కాలంలో వచ్చాయి. ఇప్పటికీ ఇంగ్లండులో ఆ రోజు ముసలీ ముతకా, చిన్నా పెద్దా అందరూ కాగితం కిరీటం పెట్టుకునే భోంచేస్తారు.

డెన్మార్క్ వాళ్లది వేరే దారి. డిసెంబరు 24 రాత్రి భోజనం చివర చల్లటి బియ్యపు పాయసంలాంటిది వడ్డిస్తారు. గిన్నె మొత్తానికి ఒక్కటే ఒక్క గుండు బాదం ఉంటుంది, మిగతావన్నీ తరిగిన ముక్కలు. గుండు బాదం ఎవరి నోట పడితే వాళ్లకు బహుమతి. తరచుగా అది బాదం ముద్దతో చేసిన పందిపిల్ల బొమ్మ. జర్మనీలో ఒక్కొక్కరికీ ఒక పళ్లెం పెడతారు. అందులో గింజలు, ఆపిల్, కమలాలు, మసాలా బిస్కెట్లు, చాక్లెట్లు ఉంటాయి. మనం కజ్జికాయలు, అరిసెలు, కేకు ముక్క పళ్లెంలో సర్ది పైన చేతిరుమాలు కప్పి ఇరుగుపొరుగుకు పంపుతాం చూడండి, దానికి దగ్గరి చుట్టం ఇది. నెదర్లాండ్స్‌లో డిసెంబరు 5న కానుకతో పాటు, తీసుకునేవారి మీద ఒక చిన్న పద్యం రాసి పెడతారు. రాసింది ఎవరో చెప్పరు, సంతకం సెయింట్ నికొలస్ పేరిట ఉంటుంది.

మేం గొట్టం ఇంగ్లండు నుంచి, బాదం డెన్మార్క్ నుంచి, కానుకతో పాటు పెట్టే రాత చీటీ నెదర్లాండ్స్ నుంచి తీసుకున్నాం. మొదటి ఏడాది మీరు మూడూ పెట్టుకోకండి. చీటీ ఒక్కటి పెట్టినా చాలు.

మొదటి పని: బంతి లెక్క

ఆగమన కాలపు మొదటి ఆదివారం నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్య వస్తుంది. ఆ రోజు మధ్యాహ్నం కాగితం తీసుకుని పేర్లు రాయండి. ఎవరెవరు ఆ పూట ఇంట్లో తింటారో అందరి పేర్లూ రాయాలి. ఇంట్లో పనిచేసే అక్క ఆ పూట ఉంటే ఆమె పేరు, కారు నడిపి తీసుకొచ్చే అన్న ఉంటే అతని పేరు కూడా. "వాళ్లు తర్వాత తింటారులే" అన్నారంటే రెండో బంతి మళ్లీ మొదలైనట్టే.

పేర్లు పన్నెండు దాటితే మీ భోజనాల బల్ల చాలదు. మా బల్లకు ఆరు కుర్చీలే. అందుకే హాల్లో సామాను గోడకు జరిపి, చాపలు పరిచి, అరిటాకులు వేస్తాం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అదే వరుస చివర్లో కుర్చీ, ముందు చిన్న స్టూలు. వాళ్లను వేరే గదిలో బల్ల దగ్గర కూర్చోబెట్టొద్దు.

వడ్డన సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. బిర్యానీ, కూర, పెరుగు పచ్చడి అన్నీ గిన్నెలతో సహా వరుస మధ్యలో పెట్టేయండి. మొదటి వడ్డన అందరూ నిలబడి ఉండగానే చేసేసి, ఒకేసారి కూర్చోవడం. మారు వడ్డన ఎవరికి దగ్గరున్న గిన్నె వాళ్లు అందించుకోవడం. మా నాన్న మొదటి ఏడాది ఇబ్బంది పడ్డారు. రెండో ఏడాది పెరుగు పచ్చడి గిన్నె ఆయన చేతిలోనే ఉంది.

రెండో పని: డబ్బు హద్దు

మనిషికి ఇంత అని ఒకే హద్దు పెట్టుకోండి. మాకు ₹100. తాతయ్యకైనా అంతే, మూడేళ్ల పాపకైనా అంతే. హద్దు లేకపోతే ఒకరు వెండి భరిణె పెడతారు, మరొకరు దువ్వెన పెడతారు, ఆ పక్కనే కూర్చున్న తోడికోడళ్ల మనసులో ఆ లెక్క ఏళ్లపాటు నిలిచిపోతుంది. పెద్ద కానుకలు, కొత్త బట్టలు ఇచ్చుకునేది ఉంటే ఉదయం గుడికి వెళ్లకముందే ఇచ్చుకోండి. వాటిని బల్ల దాకా రానివ్వకండి.

అందరి కానుకలూ ఒక్కరే కొనడం కన్నా పేర్ల చీటీలు వేసి తీసుకోవడం మేలు. ఆఫీసుల్లో సీక్రెట్ శాంటా అని ఆడుతారే, అదే పద్ధతి. ఎవరి చీటీ ఎవరికి వచ్చిందో ఆ రోజు దాకా చెప్పకూడదు. భార్యాభర్తలకు ఒకరి చీటీ ఒకరికి వస్తే తిరిగి వేయండి. ఇంట్లో ఎక్కువగా మాట్లాడుకోనివాళ్లకు ఒకరి చీటీ ఒకరికి వస్తే మాత్రం మార్చకండి.

మూడో పని: ఏం పెట్టాలి?

కొలత ఒక్కటే: పిడికిట్లో పట్టాలి. ఆపైన, అది ఆ మనిషి కోసమే తెచ్చారని చూడగానే తెలియాలి. ఒకే రకం కీచైన్లు డజను కొని పంచితే అది కంపెనీ వాళ్ల పంపకంలా ఉంటుంది.

మా ఇంట్లో బాగా కుదిరినవి కొన్ని చెబుతాను. కళ్లజోడు ఎప్పుడూ ఎక్కడో పెట్టి వెతుక్కునే తాతయ్యకు మెడలో వేసుకునే కళ్లజోడు తాడు. కుట్టుపని చేసే పిన్నికి సూదిలో దారం ఎక్కించే చిన్న పనిముట్టు. దాని ఖరీదు ₹20 కూడా లేదు, కానీ ఆరోజు భోజనాల దగ్గర అందరూ దాని గురించే మాట్లాడుకున్నారు. పదో తరగతి చెల్లికి తన పేరు రాసిన పెన్ను. బాబాయికి ఏటికొప్పాక బొంగరం. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పి, లక్కలో సహజ రంగులు కలిపి పూసి చేస్తారు. చిన్నప్పుడు బొంగరాల కోసం దెబ్బలు తిన్న మనిషికి యాభై ఏళ్లకు అది చేతికొస్తే ముఖం ఎలా వెలిగిందో చూడాల్సిందే. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో చేసే బొమ్మల్లోనూ గుప్పిట్లో పట్టే చిన్నవి దొరుకుతాయి.

తినేవాటిలో ఆత్రేయపురం పూతరేకును మించింది లేదు. తేలికగా ఉంటుంది, గొట్టంలో దూరుతుంది, దానికదే కాగితంలా పొరలుపొరలుగా విచ్చుకుంటుంది. గట్టిగా లాగితే పొడి అవుతుంది కాబట్టి గొట్టంలో పెట్టేటట్టయితే చుట్టూ కాస్త మెత్తటి కాగితం కుక్కండి. షుగరు ఉన్నవాళ్లకు వేయించిన బాదం, పిస్తా కలిపి చిన్న పొట్లం.

వాగ్దాన కార్డుల్ని మరిచిపోకండి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త సంవత్సరానికి వాక్యం రాసిన కార్డు తీసుకోవడం మన సంఘాల్లో చాలావాటికి అలవాటే. ఆ కార్డుకు ఖర్చు లేదు, బరువు లేదు, కానీ ఏడాదంతా బైబిల్లోనో పర్సులోనో ఉంటుంది. బల్ల మీది కానుక అంటే ఏమిటో మనవాళ్లకు కొత్తగా నేర్పక్కర్లేదని ఆ కార్డుల్ని చూసినప్పుడల్లా అనిపిస్తుంది. మీ ఇంట్లో వాక్యాలు చక్కగా రాసే పెద్దవాళ్లుంటే ఈ పని వాళ్లకు అప్పగించండి.

మూడేళ్ల లోపు పిల్లలకు గోళీలు, పూసలు, బటన్ బ్యాటరీ ఉన్న లైట్లు వద్దు. వాళ్లకు మెత్తటి గుడ్డ బొమ్మ లేదా రంగు రిబ్బను చాలు.

నాలుగో పని: చీటీ

దీనికి మిగతా పనులన్నింటికన్నా ఎక్కువ సమయం ఇవ్వండి. కానుక పోతుంది, విరుగుతుంది, తినేస్తారు. చీటీ ఉంటుంది.

రెండు వాక్యాలు చాలు. "నువ్వు చాలా మంచిదానివి, దేవుడు నిన్ను దీవించుగాక" అని రాస్తే అది ఎవరికైనా సరిపోతుంది, కాబట్టి ఎవరికీ సరిపోదు. ఈ ఏడాది ఆ మనిషి చేసిన ఒక పని, మీరు కళ్లారా చూసింది, రాయండి. మా పాత చీటీల్లోంచి మూడు ఇక్కడ పెడుతున్నాను:

"నా పరీక్ష రోజు పొద్దున మోకాళ్ల నొప్పితోనే మూడో అంతస్తు ఎక్కి వచ్చి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశావు, నాయనమ్మా. దిగేటప్పుడు రెయిలింగు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డావో కిటికీలోంచి చూశాను."

"జూలైలో నీళ్లు రాని ఆ నాలుగు రోజులూ అడగకుండానే మా ఇంటికి రెండు బిందెలు మోశావు బావా."

"అన్నయ్యా, నేను ఫెయిలైన సంగతి నాన్నకు చెప్పింది నువ్వు కాదని తర్వాత తెలిసింది. అప్పుడు నీతో మాట్లాడటం మానేసినందుకు క్షమించు."

మూడోది చదివినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. అన్నయ్య చీటీ మడిచి జేబులో పెట్టుకుని, చెల్లి ఆకులో ఒక ముక్క ఎక్కువ వేశాడు.

పద్యం రాయగలిగితే ఇంకా మంచిది. ఛందస్సు అక్కర్లేదు. పొడుపు కథలా రాస్తే పిల్లలు తెగ ఇష్టపడతారు. మా పదేళ్ల మేనల్లుడు సూది పనిముట్టుకు రాసింది ఇది: "ఒంటికన్ను రాణికి తోక తొడిగే బంటు, పిన్ని కళ్లజోడుకు సెలవిచ్చే బంటు."

చదవడం రాని పెద్దవాళ్లకు పక్కన కూర్చున్న మనవడు చెవిలో చదవాలి, అందరికీ వినిపించేలా కాదు. పైకి చదవాలా వద్దా అన్నది చీటీ అందుకున్నవాళ్ల ఇష్టం. ఈ నియమం గట్టిగా పాటించండి. లేకపోతే మరుసటి ఏడాది నుంచి ఎవరూ మనసు విప్పి రాయరు.

డిసెంబరు మూడో వారానికి చీటీలు ముగించాలి. ఆ తర్వాత క్యారల్స్ వాళ్లు రాత్రి పదకొండుకూ పన్నెండుకూ తలుపు తడుతుంటారు, పిండివంటల పని ఉంటుంది, కూర్చుని రాసే తీరిక దొరకదు.

ఐదో పని: గొట్టం చుట్టడం

ఒక్కోదానికి కావలసినవి: దళసరి చార్టు పేపరు, గాలిపటాల కాగితం, దారం, జిగురు. గాలిపటాల కాగితం ఎందుకంటే అది పల్చగా ఉండి లాగగానే తెగుతుంది. సంక్రాంతి దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి డిసెంబరుకే దుకాణాల్లోకి వచ్చేస్తుంది. మెరిసే గిఫ్టు కాగితం వాడి మేం ఒకసారి భంగపడ్డాం. దానికి ప్లాస్టిక్ పూత ఉంటుంది, ఇద్దరు పెద్దవాళ్లు లాగినా తెగలేదు, చివరకు కత్తెర తేవాల్సి వచ్చింది.

చార్టు పేపరును 10 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వ్యాసం ఉండేలా గొట్టంగా చుట్టి అంటించండి. టిష్యూ రోల్ అయిపోయాక మిగిలే అట్టగొట్టమైనా పనికొస్తుంది. గాలిపటాల కాగితాన్ని 28 సెంటీమీటర్ల పొడవు, 16 సెంటీమీటర్ల వెడల్పున కత్తిరించి, గొట్టం సరిగ్గా మధ్యలో ఉండేలా చుట్టి అంచు అంటించండి. ఒక కొస మెలితిప్పి దారంతో కట్టేయండి. తెరిచి ఉన్న రెండో కొసలోంచి కానుక, చీటీ, మడిచిన కిరీటం లోపల పెట్టి ఆ కొసా కట్టేయండి. కట్టిన చోట కాగితానికి సూదితో చుట్టూ నాలుగైదు చిల్లులు పొడిస్తే అక్కడే తెగుతుంది. పేరు బయట రాయండి.

కిరీటానికి అదే కాగితం 12 సెంటీమీటర్ల వెడల్పు పట్టీ తీసుకోండి. పెద్దవాళ్లకు 60 సెంటీమీటర్ల పొడవు, పిల్లలకు 54 సరిపోతుంది. ఒక అంచు కోణాలుగా కత్తిరించి రెండు కొసలూ అంటిస్తే అయిపోయింది. ఆడవాళ్లకు జడ, పూలు ఉంటాయి కాబట్టి కొసలు అంటించకుండా చిన్న పిన్ను పెట్టి ఇస్తే తలకు తగ్గట్టు సర్దుకుంటారు.

అసలు క్రాకర్‌లో 'ఠప్'మనడానికి వెండితో చేసే ఫల్మినేట్ అనే పేలుడు పదార్థం పిసరంత పూస్తారు. ఇంట్లో దాని జోలికి వెళ్లొద్దు, టపాకాయల మందు తీసి ప్రయత్నించనూ వద్దు. మా ఇంట్లో "ఒకటి, రెండు, మూడు" అనగానే పిల్లలంతా నోటితోనే "ఠాప్!" అని అరుస్తారు. ఆ శబ్దం చాలు.

ఆరో పని: పాయసంలో బాదం

పన్నెండు మందికి 200 గ్రాముల బియ్యం, 2 లీటర్ల పాలు, 200 గ్రాముల చక్కెర, 60 గ్రాముల బాదం. బియ్యం అరగంట నానబెట్టి, మరుగుతున్న పాలలో వేసి, సన్న మంట మీద అడుగంటకుండా కలుపుతూ మెత్తగా ఉడకనివ్వండి. దించే ముందు చక్కెర. బెల్లం వేడి పాలను విరగ్గొట్టే ప్రమాదముంది కాబట్టి ఈసారికి చక్కెరే మేలు. నానబెట్టి తొక్క తీసిన బాదం పప్పుల్ని సన్నగా చీల్చి కలపండి. ఒక్కటి మాత్రం గుండుగా పక్కన ఉంచండి. 24 రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. తెల్లవారేసరికి గట్టిపడుతుంది, కాచి చల్లార్చిన పాలు ఒక గ్లాసు కలిపితే సరి.

ఐదేళ్ల లోపు పిల్లల కప్పులు ముందే తీసి పెట్టాక, గుండు బాదం వేసి బాగా కలపండి. పళ్లు కదిలే పెద్దవాళ్లకు ముందే చెప్పండి. బాదం పడనివాళ్లు ఇంట్లో ఎవరైనా ఉంటే ఈ ఆటే వద్దు. ఇంగ్లండులో పుడ్డింగులో వెండి నాణెం దాచే అలవాటు ఉంది. దాన్ని మాత్రం నేను సిఫారసు చేయను, పిల్లలున్న ఇంట్లో తినే గిన్నెలో నాణెం ఎందుకు?

ఆటలో రుచి అంతా దాచుకోవడంలోనే ఉంది. బాదం దొరికినవాళ్లు బయటపడకుండా బుగ్గన పెట్టుకుని, అందరూ తినడం అయ్యేదాకా ఏమీ తెలియనట్టు కూర్చోవాలి. గిన్నెలోనే మిగిలిపోతే మారు వడ్డించుకోవాల్సిందే. బహుమతి పంచుకునేదైతే బాగుంటుంది. మేం పూతరేకుల పెట్టె ఇస్తాం, గెలిచినవాళ్లే అందరికీ పంచుతారు.

ఏడో పని: ఆ రోజు వరుసక్రమం

ఇంగ్లండువాళ్లు చెంచా, ఫోర్కులతో తింటారు కాబట్టి భోజనం మధ్యలోనైనా గొట్టాలు లాగగలరు. మనం చేత్తో తింటాం. బిర్యానీ కలిపిన చేత్తో కాగితం ముట్టుకుంటే చీటీ పాడవుతుంది. అందుకే క్రమం ఇలా పెట్టుకున్నాం.

మొదటి వడ్డన, అందరూ కూర్చోవడం, ఇంటి పెద్ద ప్రార్థన. ఆమెన్ అనగానే చేతులు ఎదుట అడ్డంగా మెలివేసి, కుడిచేత్తో తన గొట్టం, ఎడమచేత్తో పక్కవాళ్ల గొట్టం కొస పట్టుకోవాలి. వరుసంతా గొలుసు అవుతుంది. మూడు అనగానే లాగాలి. ఇంగ్లండులో పెద్ద ముక్క ఎవరి చేతిలో మిగిలితే లోపలిది వాళ్లదే. మా దగ్గర మాత్రం పేరున్నవాళ్లకే చెందుతుంది. కిరీటాలు పెట్టుకుని, కానుకలు చూసుకుని, చీటీలు విప్పకుండా నీళ్ల గ్లాసు కింద పెట్టి తినడం మొదలు. ఆకు ఎడమవైపు పైన ఉప్పు, ఊరగాయ ఉంటాయి కాబట్టి కానుకను ఆకు మీద పెట్టొద్దు, ఆకు అవతల పెట్టండి.

భోజనమయ్యాక చేతులు కడుక్కుని వచ్చి మళ్లీ అక్కడే కూర్చోవాలి. అప్పుడు పాయసం కప్పులు, చెంచాలు. బాదం తేలాక చీటీలు. ఇదంతా అయ్యేసరికి గంటన్నర పడుతుంది. ఎవరూ ఫోను ముట్టరు, చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి.

దూరాన ఉన్నవాళ్లు, లేనివాళ్లు

మనకు మధ్యాహ్నం ఒంటిగంట అయితే డాలస్‌లో ఉన్న తమ్ముడికి తెల్లవారుజామున ఒకటిన్నర. మేనత్తకు ఇంగ్లండులో ఉదయం ఏడున్నర. అందుకని వాళ్ల చీటీలు మన రాత్రి ఎనిమిదింటికి వీడియోలో విప్పుతాం. తమ్ముడికి అప్పుడు ఉదయం ఎనిమిదిన్నర. వాళ్ల కానుకలు బల్లపరుపుగా కవరులో పట్టేవి ఎంచుకుని, బంతి లెక్క దాకా ఆగకుండా నవంబరు మొదటి వారంలోనే పోస్టు చేయాలి: వాగ్దాన కార్డు, చేతిరుమాలు, మడిచిన కిరీటం. తమ్ముడు ఆ కిరీటం పెట్టుకునే వీడియోలో కనిపిస్తాడు.

నాయనమ్మ చనిపోయిన ఏడాది ఆమె పేరు జాబితాలోంచి కొట్టేయడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఆకు వేయలేదు గానీ గొట్టం చుట్టాం. లోపల ఖాళీ కాగితం పెట్టాం. భోజనమయ్యాక అది చేతులు మారుతూ తిరిగింది, ఆమె గురించి ఒక్కొక్కరూ ఒక్కో వాక్యం రాశారు. మీ ఇంట్లో అలాంటి ఖాళీ ఉంటే దాన్ని ఇలా దాటొచ్చు. కానీ బలవంతం చేయొద్దు, కాగితం అందుకుని ఏమీ రాయకుండా పక్కకు ఇచ్చేసినవాళ్లను ఏమీ అడగొద్దు. ఆమె బైబిల్లో అప్పటిదాకా వచ్చిన చీటీలన్నీ తేదీలవారీగా ఉన్నాయి. మూడో అంతస్తు చీటీ కీర్తన 121 దగ్గర ఉంది.

మరునాడు

26 ఉదయం రెండు పనులు. ఎవరికి ఏం ఇచ్చారో ఒక నోటుబుక్కులో రాసుకోండి, వచ్చే ఏడాది అదే మళ్లీ కొనకుండా. మిగిలిన గాలిపటాల కాగితం చుట్టి, దారంతో కట్టి, పిల్లలకు అందని చోట అటక మీద పెట్టండి. సంక్రాంతికి ఇంకా మూడు వారాలే ఉంటుంది, గాలిపటాలకు వాళ్లే అడుగుతారు.